డెబ్బై ఒక్క మూట

రాయదుర్గంలో కోట కొండ నీడ
మా సందులోకి దిగేసరికి నాలుగు దాటుతుంది.
అప్పటికి నా సైకిల్ మీద ఆరో మూట:
కటింగ్ అయిన జీన్సు ముక్కలు,
ఎడమ కాళ్లు ఒక కట్ట, కుడి కాళ్లు ఒక కట్ట,
జేబులు గోనెసంచిలో.
ఒక చెయ్యి మూటను అదిమిపెడితే
ఇంకో చేతికే బ్రేకూ బెల్లూ.

మొదటి బెల్లు డెబ్బై రూపాయలు.
శ్రావణంలో కొన్నా, దసరాకు మీట ఇరిగింది.
రెండోది మోగిస్తాంటేనే టోపీ ఊడి
మురుగుకాలవలో పడింది.
ముత్యాలన్న కొడుకు గాలమేసి తీసినాడు గానీ
దానికి మోగడం మీద మనసు పోయింది.
మూడోది తుప్పు పట్టింది.
ఆ ఏడు మా ఊర్లో వాన పడింది రెండు దినాలు.
తుప్పుకు ఆ రెండే చాలినాయి.

ఇప్పుడుండేది దగ్గుతుంది.
దగ్గుకు ఎవరు పక్కకు జరుగుతారు?
జరగండప్పా, జరగండమ్మా అని నేనే అరుస్తా.
సాయంత్రానికి నా గొంతూ దాని మాదిరే.

ఖాజామొహిద్దీన్ అంగట్లో
గాజుబల్ల మీద రెండు బెల్లులు పెట్టినాడు.
ఒకే మెరుపు, ఒకే గుండ్రం, ఒకే పేరు,
నకలు దాంట్లో ఒక అక్షరం ఎక్కువ.
"ఇది తొంభై. ఇది ఎనిమిదొందల యాభై."
మూటకు పన్నెండు నాకు.
మనసులోనే భాగించుకున్నా:
ఏడున్నర మూటలు.
డెబ్బై ఒక్క మూట.

"కొట్టి సూడు" అన్నాడు.
తొంభైది కొడితే, కొట్టినంతసేపే.
రెండోదాని మీంచి చెయ్యి తీసేసినాక కూడా
ఇత్తడి తనలో తాను ఏదో చెప్పుకుంటానే ఉంది.
పంచరుకు వచ్చిన పిల్లోడు పంపు ఆపినాడు.
తొమ్మిది దాకా లెక్కపెట్టినా,
పదోది ఉందో లేదో తెలీలేదు.

"నకలు నకలేనప్పా" అన్నాడు ఖాజా.

ఆ మాట నాకు గుచ్చుకుంది.
నేను మోసే మూటల్లో
నడుముపట్టీకి కుట్టే తోలుబిళ్ల మీద
ఒక సీమదేశం పేరుంటుంది,
దాంట్లోనూ ఒక అక్షరం తేడా.
అసలుది నాలుగు వేలంట. మాది మూడొందల ఇరవై.
కరిబసమ్మ కుట్టు సూడు ఖాజా, అన్నా.
గజ్జల దగ్గర మూడు వరసలు ఏస్తుంది.
ఎవురూ ఏయమనలేదు, మూడోదానికి కూలీ లేదు.
తొడుక్కున్నోడు గోడ దూకినా తెగదు.
ఖాజా నా ప్యాంటు వైపు సూసినాడు.
నేనూ అదే తొడుక్కొని నిలబడినా.
ఇద్దరం నవ్వినాం గానీ,
ఆ తొంభై బెల్లును యాడ, ఎవురు బిగించినారో,
మూడో వరస ఏసే మనిషి ఆడ లేడో,
ఉన్నా ఏయనియ్యలేదో,
అది మాత్రం నవ్వుతో తెమల్లేదు.

మూడొందలు కట్టి
మిగతాది వారానికింత అని మాట్లాడుకుని
ఇత్తడిదే బిగించుకున్నా.

గొప్పలు చెప్పను.
తిప్పేస్వామి గోదాం ముందర పండుకునే మేక
డెబ్బై ఒక్క మూటల మోతకూ లేయలేదు.
బైకుల మీద పిల్లోళ్లకు చెవుల్లో వేరే లోకం.
ఇంట్లో బోరమ్మ రెండు దినాలు నాతో మాట్లాడలా.
మూడో దినం నేను సూడలేదనుకొని
తనే ఒకసారి కొట్టి,
ఇని,
లోపలికి పోయింది.

నిన్న రాత్రి కరెంటు లేదు.
సందు మొగదల ఒక్కసారే కొట్టినా.
అంత దూరాన కరిబసమ్మ కాలిమిషను ఆగింది.
ఇదివరకు గడపలో నిలబడి నాలుగుసార్లు పిలిచినా
ఆ రొదలో ఇనపడేది కాదు.
పోయేసరికి తలుపు తీసుంది,
కూతురు పిడికిట్లో పది రూపాయల బిళ్ల పట్టుకొని
మెట్టు మీద నిలబడింది.
"కుల్ఫీ బండనుకున్నామన్నా" అనింది కరిబసమ్మ.
పాప మూట వైపు సూసింది,
మూటలో కుల్ఫీ దాచినట్టు.

ఏం చేసేది? ఎత్తి సీటు మీద కూర్చోబెట్టి
తననే ఒకసారి కొట్టమన్నా.
చీకట్లో కళ్లు మూసుకొని
వేళ్లు మడుస్తా లెక్కపెట్టింది.
నాకు తొమ్మిదికే ఆగిపోయేది
ఆ పాపకు పదమూడు దాకా ఇనపడింది.

ఇంకా ముప్పై ఎనిమిది మూటలు బాకీ.